పెంకులో నిప్పులు

లుసుంగు అక్కకు, నీ చెల్లి ప్రేమతో,

నువ్వు ముజుజు పట్నం నుంచి పంపిన ఎర్ర జాకెట్టు, అదే మన సంఘం యూనిఫాం, అందింది. కొలత పెట్టి కుట్టినట్టు సరిపోయింది. అది వేసుకుని పడవెక్కుతానో లేదో మాత్రం అనుమానంగా ఉంది.

మన మహిళా సంఘం సరస్సు దాటి అవతలి ఒడ్డు పల్లెలకు సువార్త చెప్పడానికి వెళుతోంది కదా, పడవలో మా చర్చికి ఒక్క చోటే ఇచ్చారు. అది నాకే రావాలి. ఇన్నేళ్ళూ చర్చి ఊడ్చింది నేను, పాట ఎత్తుకునేది నేను. ఇప్పుడు పక్కింటి తొవేరా కూడా పేరిచ్చింది! రోజూ తెల్లారకముందే పగిలిన కుండ పెంకు పట్టుకుని నిప్పుకోసం నా పొయ్యి ముందు నిలబడే మనిషి.

"అగ్గిపెట్టె కొనుక్కోలేవుటే?" అంటే, "నీ నిప్పయితే ఇట్టే అంటుకుంటుందక్కా" అని ఇకిలిస్తుంది. ఆ నవ్వుకి ఊరంతా పడిపోతారు, మా ఆయనతో సహా. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

వెళ్ళాలనుకున్నవాళ్ళు ఈ వారం దేవుణ్ణి ఎక్కడ చూశారో ఆదివారం లేచి చెప్పాలట. పాస్టరుగారి షరతు. నాకెక్కడ కనిపిస్తాడక్కా? పొద్దస్తమానం కర్రపెండలం దంచడం, చేపలు ఎండబెట్టడం, కాకుల్ని తోలడం. అందుకని దేవుడు కల్లోకి వచ్చాడని చెప్పబోతున్నాను. తప్పేలే. కానీ ఆ పిల్ల పడవెక్కుతుంటే ఒడ్డున నిలబడి చెయ్యి ఊపడం నా వల్ల కాదు.

నీ టివోంగె

* * *

అక్కా, నా బంగారు అక్కా,

అంతా అయిపోయింది. తెల్లబట్టల మనిషి నీళ్ళమీద నిలబడి నన్ను పేరుపెట్టి పిలిచాడని చెప్పాను. ఆమెన్‌లు మోగిపోయాయి. పాస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. చోటు నాదే అనుకున్నాను.

అప్పుడు తొవేరా లేచింది. "నాకు కలలేం రాలేదండీ. మా అత్తకి దగ్గు, తెల్లారేసరికి వేణ్ణీళ్ళు కావాలి. టివోంగె అక్క రోజూ నిప్పిస్తుంది. తిట్టే ఇస్తుందనుకోండి." అందరూ గొల్లుమన్నారు. "కానీ తన పొయ్యిలో చిన్నవి ఉంచుకుని, పెద్ద నిప్పులు ఏరి నా పెంకులో వేస్తుంది. ఈ వారం దేవుణ్ణి నేను అక్కడే చూశాను."

చర్చంతా నావైపు తిరిగింది. పెద్దవి ఏరుతున్నానని నాకే తెలియదక్కా! తల ఎత్తలేకపోయాను. చోటు ఆమెకే ఇచ్చారు. నన్నే నిచ్చెన చేసుకుని పడవెక్కింది. నన్ను పొగిడి మరీ ఓడించింది. చెంప పగలగొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

పైగా సాయంత్రం వచ్చి, "నేను తిరిగొచ్చేదాకా మా అత్తని చూసుకుంటావా అక్కా? నిన్ను తప్ప ఎవరిని అడగను?" అంది. పళ్ళు కొరుక్కుంటూ సరేనన్నాను. తనకి లేదని నా ఎర్ర జాకెట్టు అడిగితే మాత్రం చిరిగిందని చెప్పాను.

కుళ్ళుబోతు చెల్లి,
టివోంగె

* * *

నా మాట వినే ఒకే ఒక్క మనిషికి,

పడవ వెళ్ళిపోయింది. తొవేరా ఎవరిదో వదులు జాకెట్టు పిన్నీసులతో బిగించుకుని వెళ్ళింది. నేను చెయ్యి ఊపలేదు.

పూటపూటా ముసలమ్మ పొయ్యి రాజేసి, వేణ్ణీళ్ళు కాచి, గంజి తాగిస్తున్నాను. మొన్న కుండపోత వాన. తెల్లారి లేచి చూస్తే నా వంటపాక కారి పొయ్యి నిండా నీళ్ళు. అగ్గిపెట్టె ముద్దయిపోయింది. ఇంకేం చెయ్యను? పెంకు ముక్క పట్టుకుని ముసలమ్మ గడపలో నిలబడ్డాను.

ముందురోజు నేను రాజేసిన పొయ్యినే ముసలమ్మ బూడిద కప్పి కాపాడుకుంది. నన్ను చూసి దగ్గుతూనే, "ఏమే, అగ్గిపెట్టె కొనుక్కోలేవుటే?" అంది. ఇన్నాళ్ళూ నా అరుపులన్నీ ఆవిడ చెవిన పడుతూనే ఉన్నాయన్నమాట! సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ వణికే చేత్తో బూడిద కదిపి, పెద్ద నిప్పులు ఒక్కొక్కటే ఏరి నా పెంకులో వేసింది. చిన్నవి తనకు ఉంచుకుంది. ఇంటికెళ్ళి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చానక్కా. దేవుడు అక్కడే ఉన్నాడు, నా కళ్ళముందే. నేను చూడలేదు, తొవేరా చూసింది. అందుకే ఆమె వెళ్ళింది.

ఈ ఆదివారం లేచి కల అబద్ధమని చెప్పేస్తాను. జాకెట్టు కూడా ఉతికి మడతపెట్టాను, వచ్చాక ఆమెకే ఇస్తాను. అలాగని కుళ్ళు పోయిందనుకునేవు, పోలేదు. నేను ఏడ్చిన సంగతి మాత్రం తొవేరా చెవిన వెయ్యకు. దాన్ని కూడా చర్చిలో చెప్పి ఆమెన్‌లు కొట్టేస్తుంది.

నీ చెల్లి,
టివోంగె