సైకిల్ బ్యాగులో గ్రూప్స్ పుస్తకాలు

శనివారం, అశోక్‌నగర్ హాస్టల్

సైకిల్ మీద దూరాలు తిరగాలని తెప్పించుకున్న, సీటు వెనక కట్టుకునే పొడవాటి బ్యాగు పోస్టులో వచ్చింది. బరువు పెడితే ఊగుతుందేమో చూడాలనిపించింది. గుడారం ఇంకా కొనలేదు కదా, నాలుగేళ్లుగా చదువుతున్న గ్రూప్స్ పుస్తకాలనే కుక్కి దోమలగూడ దాకా తొక్కాను. అడవి దారుల కోసం కుట్టిన బ్యాగట, గుంతల్లో కూడా కదల్లేదు!

తిరిగొస్తుంటే టీ కొట్టు యాదన్న బ్యాగులోంచి తొంగిచూస్తున్న పుస్తకాలు చూసి ఆపాడు.

"సదువు బంద్ వెట్టి ఊరికి పోతున్నవా తమ్మీ?"

అక్కడే టీ తాగుతున్న కొత్త కుర్రాడెవరో వెంటనే అందుకున్నాడు. "అన్నా, మరి హాస్టల్ల నీ బెడ్ ఖాళీ అయితదా?"

"లేదు, బ్యాగు ఊగుతదా అని చూస్తున్న" అని నవ్వేశాను.

కానీ ఊరికి పోతున్నవా అనగానే ప్రాణానికి ఎందుకంత హాయిగా అనిపించింది?

పుస్తకాలు ఇంకా బ్యాగులోంచి తీయలేదు.