అమలైన సూచన

ప్రియమైన దొరసానికి,

ఫోనులో మాట్లాడుకుంటే మనకి పోట్లాట తప్ప ఏమీ మిగలదని ఉత్తరాల ఒప్పందం పెట్టావు కదా, ఇదిగో మొదటిది. ఈ జిల్లా ఆసుపత్రి ఆడిట్‌కి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను స్టోరు పక్క గదిలో కూర్చోబెట్టారు. ఫ్యాను తిరుగుతుంది, గాలి మాత్రం రాదు. గోడకి అవతల డయాలసిస్ వార్డు. కిడ్నీలు పాడైనవాళ్ళు రోజు విడిచి రోజు వచ్చి రక్తం శుభ్రం చేయించుకుని పోతారు. వాళ్ళలో ఒక దర్జీ ఆవిడ ఉంది. నా చొక్కా కాలరు చూసి, "మీ ఆవిడకి కుట్టడం రాదా, మీరంటే పడదా?" అంది. రెండూ నిజమేనన్నాను.

అసలు సంగతి వేరే. ఆ యంత్రాల్లోకి వెళ్ళే నీటిని వడకట్టే ఫిల్టర్లు ఏడాదికి పైగా మార్చలేదు. రోగులు మంచాల మీదే చలిజ్వరం వచ్చి వణికిపోతున్నారు. కొత్తవి వచ్చేదాకా వార్డు మూసి, అందర్నీ పక్క ఊరి ఆసుపత్రికి బండిలో పంపాలని సూచన రాశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పనికొచ్చే పని ఇదొక్కటే అనిపిస్తోంది.

నీ హెడ్డాఫీసుకి నా బదిలీ ఏమైనా కదిలిందా? ఒంటరితనం అలవాటైపోతుందేమోనని భయంగా ఉంది.

నీ, ఊరూరా తిరిగే మొగుడు

*

ప్రియమైన ఆడిటరుగారికి,

నా కుట్టు సంగతి ఊరంతా చాటినందుకు సంతోషం. మీ నివేదిక చిత్తుప్రతి నా బల్ల మీదికి వచ్చింది. ఒళ్ళు మండింది.

మన ఆడిట్ ఆఫీసును బలపరుస్తామని విదేశీ దాతలు డబ్బిస్తున్నారు కదా. కంప్యూటర్లు, శిక్షణలు, నా కాంట్రాక్టు, మీ జీపులో డీజిలు, అన్నీ వాళ్ళవే. మన బలాన్ని వాళ్ళు కొలిచేది ఒకటే లెక్క. మనం చేసిన సూచనల్లో పదింట ఎనిమిది ఏడాది తిరిగేలోగా అమలు కావాలి. కాకపోతే వచ్చే విడత డబ్బు రాదు. అందుకని మేమూ తెలివి నేర్చాం. అమలు కానివి రాయడం మానేశాం.

వార్డు మూయడమంటే మంత్రిగారికి పరువు పోయే పని, ఈ జన్మలో జరగదు. కాబట్టి మీ వాక్యం కొట్టేసి నేనొకటి రాశాను: "ఫిల్టర్ల మార్పిడి వివరాలకు ఒక రిజిస్టరు తెరవవలెను." ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఫోన్ చేశాను, ఆ పూటే తెరిచేశాడు. మీరు సంతకం పెట్టకముందే మీ సూచన అమలైపోయింది. ఇంత బలమైన ఆఫీసు ఇంకెక్కడైనా ఉంటుందా?

మీ బదిలీ ఫైలు మా డైరెక్టరు దగ్గరే ఉంది. ఆయన ఈ నివేదిక మీద మీ సంతకం కోసం చూస్తున్నారు. నేను మీకోసం చూస్తున్నాను, ఇది వెటకారం కాదు.

మీ దొరసాని

*

ప్రియమైన దొరసానికి,

రిజిస్టరు చూశాను. గళ్ళు చక్కగా గీశారు. ఫిల్టర్లు పాతవే.

నిన్న దర్జీ ఆవిడ నన్ను పిలిచింది. "మా అమ్మాయి అప్పు చేసైనా బండి మాట్లాడి పక్క ఊరు తీసుకెళ్తానంటోంది. మీరు రాశారటగా, ఇక్కడ బాగవుతుందా? ఆ పిల్ల మీద భారం వెయ్యడం నాకిష్టం లేదు" అంది. కొన్నాళ్ళు ఆగమ్మా, రాశానుగా అన్నాను. ఆవిడ తల ఊపింది. నన్ను నమ్మింది.

నీ వాక్యం కింద నా సంతకం ఉండదు. బదిలీ లేకపోతే పీడా పోయింది.

నీ మొగుడు

*

ప్రియమైన మొండివారికి,

ఉత్తరమూ లేదు, ఊసూ లేదు. నెల గడిచాక నివేదిక మాత్రం వచ్చింది, నా వాక్యంతో, మీ సంతకంతో. ఇంటి మీద బెంగ మిమ్మల్ని గెలిచిందనుకుంటాను. మీరు సిగ్గుపడుతున్నారని తెలుసు, అందుకే నేనేమీ అనను.

దాతలకి మీ నివేదిక తెగ నచ్చింది. చిన్న సూచన, వెంటనే అమలు. మిగతా దేశాలకి చూపించే పుస్తకంలో వేస్తారట. దానికి లబ్ధిదారు ఫొటో ఒకటి కావాలన్నారు. మీ దర్జీ ఆవిడైతే బావుంటుంది, మాటకారి కదా. కొంచెం నవ్వమనండి.

మీ దొరసాని

*

దొరసానికి,

ఆవిడ పోయింది. నేను సంతకం పెట్టిన వారానికి. మంచం మీదే వణుకు మొదలై, జ్వరం దిగలేదు.

సంతకం పెట్టాక కూడా నేను ఆవిడకి నిజం చెప్పలేదు. పొద్దున్నే పలకరించేవాణ్ణి. ఇంకా ఆగమంటారా అని అడిగితే ఆగమనేవాణ్ణి.

కూతురు నా గదికి వచ్చి, ఆ రిజిస్టరు మాట ఎవరు రాశారని అడిగింది. హెడ్డాఫీసులో ఒకావిడ రాసిందని చెప్పి నీ పేరు, గది నంబరు ఇచ్చాను. నువ్వు నా పెళ్ళానివని చెప్పలేదు. అంత దమ్ము లేకపోయింది. సోమవారం వస్తుంది. నాతో అన్నట్టే ఆ పిల్లతోనూ అను, తెలివి నేర్చామని.

ఇట్లు, సంతకం

*

ప్రియమైన మీకు,

బదిలీ ఉత్తర్వు ఈ కవరులోనే ఉంది.

ఆ అమ్మాయి వచ్చింది. కూర్చోమనేదాకా నిలబడే ఉంది. వాక్యం నాది, సంతకం మా ఆయనది అని చెప్పేశాను. మీరు దాచిన ముక్క నేనెందుకు దాచాలి? తిడుతుందనుకున్నాను. "సారు మంచివారండీ, అమ్మ వచ్చినప్పుడల్లా పలకరించేవారు" అంది. ఇది మీకు రాయకుండా ఉండొచ్చు. మీకు తెలియాలనే రాస్తున్నాను.

అప్పుడే దాతల బృందం కెమెరాతో గదిలోకి వచ్చింది. ఈ అమ్మాయెవరని అడిగారు. డైరెక్టరు నా వైపు చూశారు. లబ్ధిదారు కూతురన్నాను. కిటికీ దగ్గర వెలుతురు బావుందని అక్కడ నిలబెట్టారు. నవ్వమన్నారు. నవ్వింది. ఆగమంటే ఆగిన తల్లి కూతురు కదా.

విడత విడుదలైంది. నా కాంట్రాక్టు పొడిగించారు. నాకు సిగ్గు లేదనుకోకండి. ఉంది, ఉండగానే ఆ కాగితం మీద సంతకం పెట్టాను. ఇంటికి రండి. బయట ఎవరి మొహమూ చూడలేం, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ బతుకుదాం.

వెళ్ళేముందు ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, ఫొటో కింద అమ్మ పేరు వేస్తారా అని అడిగింది. వేస్తారని చెప్పాను. రోగుల పేర్లు ఎక్కడా వేయకూడదని దాతల నిబంధన.

మీ దొరసాని