స్కోరు పంపలేదు నాన్నా

నాన్నా, కూర పొయ్యి మీదుంది, వేడిచేసుకుని తిను. బీపీ మాత్ర మర్చిపోకు. నేను లైబ్రరీకి వెళ్తున్నాను.

కాలేజీ దరఖాస్తు ఇందాకే పంపేశాను. ప్రవేశ పరీక్ష స్కోరు మాత్రం జత చేయలేదు. ఆ కాలేజీవాళ్లు అది ఇష్టమైతేనే పంపమన్నారు కదా. మీ కుట్టు షాపులో అందరికీ ఆ మార్కులు చెప్పుకుని మురిసిపోయావని తెలుసు. కానీ ఆ కాలేజీలో సీట్లొచ్చినవాళ్ల మార్కులు చూశాను. నావి వాటి దరిదాపుల్లో లేవు. పంపితే నేను రాసిన వ్యాసం చదవకుండానే పక్కన పడేస్తారని భయం. పంపకపోతే ఏదో దాస్తోందనుకుంటారని ఇంకో భయం.

నిన్నడిగితే "బంగారంలాంటి మార్కులు తల్లీ, పంపెయ్" అంటావు. "నీకేమనిపిస్తోంది" అని నన్ను ఒక్కసారీ అడగలేదు నువ్వు. నీ ముఖం చూస్తే కాదనలేను. అందుకే నువ్వు రాకముందే వెళ్లిపోతున్నాను.

ఇంకోటి. సీటు రాకపోతే నన్ను తిట్టు, పడతాను. అమ్మ మీద అలిగినప్పుడు మానేసినట్టు నాతో మాట్లాడటం మాత్రం మానెయ్యకు. అదొక్కటీ నేను తట్టుకోలేను.