మద్దయ్య తెచ్చిన ఆరు చీరలు

కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు పట్టణంలో కాపురముంటున్న యేసేపు భార్య, యాభై రెండేళ్ల గృహిణి వీరమ్మ అను నేను, 2025 నవంబరు 16వ తేదీ ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి నా ఇంట్లో కూర్చుని నా చేతితో రాస్తున్న వీలునామా. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నేను పదో తరగతి ప్యాసయ్యాను. నా మతి స్థిరంగా ఉంది. ఎవరూ బలవంతపెట్టి రాయించడం లేదు. అక్షరాలు కొన్ని చోట్ల వంకర పోయాయి. అది భయం. భయపడినంత మాత్రాన మతి తప్పినట్టు కాదని, రేపు ఎవరైనా అలా వాదిస్తే ఒప్పుకోకూడదని ముందే రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. నా భర్త మాజీ మంత్రి ఉరుకుందప్ప గారి దగ్గర పంతొమ్మిదేళ్లుగా డ్రైవరు. ఆ సారు మీద నడుస్తున్న భూముల విచారణలో రేపు పదకొండు గంటలకు కర్నూలుకు వచ్చి వాంగ్మూలం ఇవ్వాలని నాకు నోటీసు వచ్చింది. ఆదోనిలో సారు గెస్ట్‌హౌస్‌లో వంట చేసే తిరుపాల్‌కు కూడా పోయిన నెల ఇలాంటి నోటీసే వచ్చింది. 28వ తేదీ పొద్దున సారు పంపిన కారెక్కి వాంగ్మూలానికని బయలుదేరాడు. 29న కౌతాళం దగ్గర కాలువలో తేలాడు. కాలు జారిందన్నారు. చెప్పులు గట్టు మీద జతగా, ముందుకు తిప్పి పెట్టి ఉన్నాయి. పదిహేడేళ్ల కాపురంలో ఒక చెప్పు గడప దగ్గర, ఒకటి మంచం కింద విసిరేసే మనిషి అని అతని భార్య ఈశ్వరి చెప్పింది.

నిన్న సారు నాకు స్వయంగా ఫోన్ చేశారు. "భయపడొద్దు తల్లీ, పొద్దున ఏడు గంటలకు కారు పంపిస్తాండా" అన్నారు. తిరుపాల్‌కు చేసిన ఫోన్‌లోనూ ఇవే మాటలన్నారని ఈశ్వరి చెప్పింది. నా భర్తను ఈ రోజు పొద్దున్నే బెంగళూరుకు పంపారు. రేపు వచ్చే కారును ఎవరు నడుపుతారో నాకు చెప్పలేదు.

1. ఎమ్మిగనూరులో నా పేరిట ఉన్న రెండు గదుల ఇల్లు మా అమ్మ నాకిచ్చింది. అది నా కూతురు అరుణకు చెందాలి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా అరుణదే. తన తండ్రి బతికినంత కాలం ఆ ఇంట్లో ముందు గదిలో ఉండవచ్చు. ఆయనను బయటికి పంపే హక్కు అరుణకు లేదు.

2. కైరుప్పలకు పోయే దారిలో ఎర్రగుట్ట కింద నాలుగెకరాల అరవై సెంట్ల భూమి, పేదలకు ప్రభుత్వం ఇచ్చే డీకేటీ పట్టాతో, నా పేరిట ఉంది. అది నాది కాదు. ఆ చేను నేను ఇంతవరకు చూడలేదు. సోలార్ కంపెనీ వస్తుందని ముందే తెలిసి, భూమి లేని నిరుపేదలమని చూపించి, సారు తన దగ్గర పనిచేసే ఇరవై మూడు కుటుంబాల ఆడవాళ్ల పేర్ల మీద ఆ గుట్ట కింది ప్రభుత్వ భూమిని రాయించారు. నా పేరు మీద పడిన చేనును ముప్పై ఏళ్లుగా గోవిందు, ఎల్లమ్మ అనే భార్యాభర్తలు సేద్యం చేసుకుంటూ వచ్చారు. వాళ్లను దించేశారు. నాది కానిదాన్ని ఇస్తున్నానని రాస్తే అబద్ధమవుతుంది. కాబట్టి అది వాళ్లదని, నా వారసులు ఎవరూ దాని మీద గానీ, దానికి సోలార్ కంపెనీ కట్టే కౌలు పడే బ్యాంకు ఖాతా మీద గానీ హక్కు అడగకూడదని మాత్రమే రాస్తున్నాను. ఆ ఖాతా కార్డు సారు పీఏ మద్దయ్య దగ్గర ఉంది. పాసుబుక్కు నేను కంటితో చూడలేదు.

పోయిన ఎండాకాలం ఎల్లమ్మ నా పేరు కనుక్కుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "వీరమ్మ అంటే నువ్వేనా? మా చేను నీదంట గదా. ఒక్కసారి నీ మొగం సూసిపోదామని వచ్చినా" అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నీళ్లిస్తే తాగి, ఇల్లంతా కలయజూసి, "ఇంత సిన్న ఇంట్లో ఉండుకోని అన్నెకరాలు యాడ పెట్టుకుంటావమ్మా?" అని నవ్వి పోయింది. ఆ నవ్వు కంటే తిట్టి ఉంటే బాగుండేది.

3. నావి ఆరు పెట్టుబడి చీరలు ఉన్నాయి. ఈ వీలునామాలో అన్నిటికంటే ముఖ్యమైనవి అవే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మద్దయ్య ఆరుసార్లు మా ఇంటికి సారు పంపారని చీర తెచ్చాడు. క్రిస్మస్ కాదు, ఉగాది కాదు, ఏదో మామూలు రోజున వచ్చేవాడు. ఉగ్గాని చేసి పెడితే తిని, ఒక పుస్తకం తెరిచి, అందులోని కాగితం పైభాగం మడిచి, కింద సంతకం పెట్టమనేవాడు. ఒకసారి నేను మడత విప్పబోయాను. "సీర ముట్టినట్టు సంతకం అక్కా. నమ్మకం లేకుంటే సీర వాపసు ఇయ్యి, సారుకు అట్లే సెప్తా" అన్నాడు. నా భర్త ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను సంతకం పెట్టాను. చదువు వచ్చి కూడా చదవకుండా ఆరు సంతకాలు పెట్టాను. ఈ తప్పు నాది. దీన్ని ఎవరి మీదకూ నెట్టను.

అయితే మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఎవరు చీర పెట్టినా తేదీ, పెట్టినవాళ్ల పేరు ఒక గుడ్డముక్క మీద రాసి కొంగు మూలకు లోపలి వైపు కుడతాను. ఆ చీరను మళ్లీ ఒకరికి పెట్టేటప్పుడు, పెట్టినవాళ్లకే తిరిగి పెట్టి నవ్వులపాలు కాకూడదని మా అమ్మ నేర్పింది. ఆ ఆరు చీరలకూ అలాగే కుట్టాను. అరుణ పెళ్లికి వచ్చే చుట్టాలకు పెడదామని ఒక్కటీ కట్టకుండా దాచాను.

మూడో చీర ఆకుపచ్చది, ఎర్ర అంచు. దాన్ని ఈశ్వరి వాళ్ల ఇంట్లో శుభకార్యానికి పట్టుకుపోతే ఆమె నవ్వి, "అక్కా, ఇదే రంగు, ఇదే అంచు నాకూ ఉంది. మద్దయ్య తెచ్చినాడు. రెండు ఒకే తీరువి నాకెందుకు?" అని తిరిగి ఇచ్చేసింది. ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నోటీసులు వచ్చి, వాటితో పట్టా, మిగతా కాగితాల నకళ్లు వచ్చాక గుడ్డముక్కలు దగ్గర పెట్టుకుని చూశాను. పట్టా తీసుకోవడానికి 2021 మార్చి 18న నేను స్వయంగా మండలం ఆఫీసుకు వచ్చి, అధికారి ఎదుట సంతకం చేసినట్టు కాగితంలో ఉంది. మూడో చీర కొంగుకు ఉన్న తేదీ అదే. ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను. మద్దయ్యకు ఉగ్గాని మీద రెండోసారి పప్పుల పొడి కూడా వేశాను. దరఖాస్తు, బ్యాంకు ఖాతా, పట్టా, కార్డు, కౌలు ఒప్పందం, చివరిగా నా బదులు వ్యవహరించే అధికార పత్రం: ఆరు కాగితాలు, ఆరు చీరలు, ఆరు తేదీలూ సరిపోయాయి. ఆ చీరలు మళ్లీ మడత పెట్టలేకపోయాను.

ఈ చీరల్లో ఐదింటిని ప్రభుదాసు పాస్టరు గారి ఇంట్లో ఉంచాను. ఫోటోలు అరుణ ఫోన్‌లో ఉన్నాయి. కేసు ముగిసి, చేను తిరిగి గోవిందు, ఎల్లమ్మల చేతికి వస్తే ఆరు చీరలూ ఎల్లమ్మకు ఇవ్వాలి. కట్టుకోమని కాదు. అడవి పందులు రాకుండా శనక్కాయ చేను చుట్టూ పాత చీరలు కడతారు కదా, వీటిని అందుకు వాడుకోవాలి. కొత్తవని దాచుకోకూడదు.

4. ఉరుకుందప్ప గారికి నేను ఏమీ బాకీ లేను. పత్తి మండీలో గుమాస్తాగా మొదలుపెట్టి, సర్పంచి అయి, రెండుసార్లు ఎమ్మెల్యే, ఒకసారి మంత్రి అయ్యారు. నా భర్తకు జ్వరమొస్తే పళ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అదీ నిజమే. రేషన్ బియ్యం లారీ సరిహద్దు దాటుతూ పట్టుబడితే జైలుకు పోయింది లారీ డ్రైవరు. కట్టని చెక్‌డ్యాములకు బిల్లులు తీసుకున్నది బయటపడితే ఉద్యోగం పోయింది చిన్న ఇంజినీరుది. ప్రతిసారీ ఒక చిన్న మనిషి సంతకం దొరికింది. ఈసారి మా ఇరవై మూడు మందివి దొరికాయి. భూమి నేనే కోరి తీసుకున్నానని, సారుకు తెలియదని రేపు చెప్పాలట. ఆ మాట నేను చెప్పను. ఇకపై ఎవరైనా నేను అలా చెప్పానని నా సంతకంతో కాగితం చూపిస్తే, నేను సంతకాలు ఎలా పెట్టానో మూడో నంబరులో చదవాలి.

5. నా భర్త యేసేపుకు నా రొట్టెల పెనం, నా బైబిలు. చక్కెర జబ్బు మాత్ర వేసుకున్న అరగంటకు జొన్నరొట్టె తినాలి, అంతకంటే ఆలస్యం కాకూడదు. "సంతకం పెట్టేయ్ వీరా, మనం బతికుంటే సాలు" అని ఆయన అన్న మాటను నేను క్షమించాను. అక్టోబరు 29 పొద్దున గెస్ట్‌హౌస్‌లో తనను తిరుపాల్ ఎక్కిన కారు కడగమన్నారని, అందులో కాళ్ల కింద వేసే మ్యాట్లకు కాలువ బురద ఉందని ఆయన నాతో ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత అన్నం సరిగా తినలేదు. ఆయనను అడగకుండా ఈ సంగతి ఇక్కడ రాశాను. ఇందుకు ఆయన నన్ను క్షమించాలి. అధికారులు అడిగినప్పుడు అదే మాట చెప్పాలి.

6. నా మరిది ఏసన్నకు ఏమీ లేదు. మా పెళ్లినాటి ఇత్తడి గంగాళం వాడుకుంటానని తీసుకుపోయి ఇరవై ఏళ్లయింది, అది చాలు. పొద్దున సాక్షి సంతకానికి పిలిస్తే, "నాకు ముగ్గురు ఆడపిల్లలు వదినా, నన్నిడిసిపెట్టు" అని గుమ్మం దగ్గరే తిరిగి పోయాడు. అందుకు మాత్రం అతని మీద కోపం లేదు.

7. అరుణకు నా కమ్మలు, కుట్టుమిషను, గుడ్డముక్కల డబ్బా. ఎవరి పుస్తకంలోనైనా సంతకం పెట్టే ముందు మడత విప్పి చూడు తల్లీ. ఎదుటివాళ్లు ముఖం చిన్నబుచ్చుకున్నా సరే.

8. ఈశ్వరికి నేను ఏమీ రాయలేదు. మనసు లేక కాదు. సాక్షిగా సంతకం పెట్టేవాళ్లకు వీలునామాలో ఏమీ రాయకూడదని పాస్టరు గారు చెప్పారు. ఆమె కావాలో, ఆమెకు ఇచ్చే వస్తువు కావాలో తేల్చుకోవాల్సి వచ్చింది.

9. ఇది రాస్తుండగా మా వీధి మొదట్లో ఒక బండి రెండుసార్లు ఆగింది. తలుపు గడియ పెట్టాను. రేపు ఏడు గంటల కారు కోసం నేను ఆగను. తెల్లవారుజామున ఐదు గంటలకే కర్నూలు బస్సు ఎక్కుతాను. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచుది, మద్దయ్య తెచ్చిన మూడోది కట్టుకుంటాను. కొంగు మూలకు లోపలి వైపు "18-3-2021, మద్దయ్య" అని గుడ్డముక్క ఉంటుంది. దాన్ని అధికారి చేతికి నేనే చూపిస్తాను. అలా కాకుండా నేను ఎక్కడైనా దొరికితే ముందు కొంగు చూడాలి. చీర వేరేదైనా, ఆ గుడ్డముక్క లేకపోయినా, అది నేను కట్టుకున్న చీర కాదని, నేను నా ఇష్టంతో అక్కడికి పోలేదని అందరూ తెలుసుకోవాలి. నా చెప్పులు ఎలా పెట్టి ఉన్నా లెక్కలోకి తీసుకోవద్దు.

ఎమ్మిగనూరు, 16-11-2025, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు.

(సంతకం) యే. వీరమ్మ

పై వీరమ్మ మా ఎదుట ఈ కాగితాలన్నీ చదివి, సంతకం చేసింది. ఆమె ఎదుట మేమూ సంతకాలు చేశాం. చీరనూ, గుడ్డముక్కనూ మా కళ్లతో చూశాం.

1వ సాక్షి: (సంతకం) ప్రభుదాసు, పాస్టరు, ఎమ్మిగనూరు.

2వ సాక్షి: (సంతకం) ఈశ్వరి, కీ.శే. తిరుపాల్ భార్య, నందవరం. ఇంత మటుకు నేనే రాస్తాండా. ఐదు గంటల బస్సుకు నేను గూడ పోతాండా. నా పచ్చ సీర గూడ కట్టుకుంటా, ఎర్ర అంచుదే. అక్కతోనే మద్దయ్య పేరూ తేదీ గుడ్డముక్క మీద రాయించుకోని కొంగుకు కుట్టుకున్నా.