ఒక వార్మర్, ముగ్గురు పిల్లలు

బాబాయ్‌కి నమస్కారాలు.

మందుల స్టోర్సులో మీరు హెడ్ గుమాస్తా అయ్యారని తెలిసి సంతోషించాను. నేను నర్సునై ఆరు నెలలే అయినా అప్పుడే మీకు అర్జీ పెడుతున్నాను. మా పసిపిల్లల వార్డులో, నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు రెండే ఉన్నాయి. ఒకదాంట్లో వేడినిచ్చే కాయిల్ కాలిపోయింది. రెండోదాంట్లో ముగ్గుర్ని పడుకోబెట్టాం. అందరికన్నా చిన్నది కిలో నూటయాభై గ్రాములు, కుట్టుపనామె కూతురు. ఆవిడ గాజు తలుపుకి ముక్కు ఆనించి నిలబడే ఉంటుంది. ఒక్క కాయిల్ పంపించండి.

మీ అమ్మాయి

తా.క. మధ్యలో పడుకున్నవాళ్ళకే వెచ్చదనం ఎక్కువ. గంటకొకసారి చోట్లు మారుస్తుంటే, మిగతా ఇద్దరూ నన్ను పక్షపాతినని తిడుతున్నట్టే ఏడుస్తారు.

*

చిరంజీవి అమ్మాయికి దీవెనలు.

ఒక్కదాంట్లో ముగ్గురా! నీ ఉత్తరం ఆఫీసరుగారికి చదివి వినిపించాను. "ఒకటి సరిపోతుంటే రెండోదెందుకయ్యా?" అన్నారు. అంచేత కాయిల్ అర్జీ కొట్టేశాం. నీకు మెచ్చుకోలు పత్రం పంపుతున్నాం.

నిన్ను చూసి పొంగిపోతున్న బాబాయ్

తా.క. నలుగురు పడతారేమో కొలిచి చూడు.

*

బాబాయ్‌కి,

అది గొప్పతనం కాదు, గతిలేనితనం. ఒకడి జబ్బు పక్కవాడికి అంటుకుంది. ఆ పక్కవాడు ఈ పొద్దున చనిపోయాడు. చిన్నదాని పాదాలు ముట్టుకుంటే చన్నీళ్ళలో చెయ్యి పెట్టినట్టుంది. "మిషను ఎప్పుడు బాగవుతుందమ్మా?" అని వాళ్ళమ్మ అడిగితే, మా బాబాయే అక్కడున్నారని ధైర్యం చెప్పాను. నా మాట పోనివ్వకండి.

మీ అమ్మాయి

తా.క. పత్రం అందింది. అట్ట మందంగా ఉంది. కిటికీ అద్దం పగిలినచోట అడ్డం పెడితే చలిగాలి ఆగింది. మీ ఆఫీసు నుంచి మా వార్డుకు అందిన మొదటి సాయం ఇదే.

*

అమ్మాయీ,

విని మనసు పాడైంది. ఇప్పుడు ఇద్దరేగా, ఇరుకు తగ్గి ఉంటుంది. మీ పద్ధతి అన్ని ఆస్పత్రులకూ చూపించాలని మా హాల్లో ప్రదర్శన పెడుతున్నాం. పాడైన వార్మర్ ఊరికే పడుంది కదా, లారీ వస్తుంది, ఎక్కించు.

బాబాయ్

తా.క. మూడు మైనం బొమ్మలు కొన్నాం. ముద్దొస్తున్నాయి.

*

అమ్మాయీ,

వార్మర్ చేరింది. ఆఫీసరుగారు అందరి ముందూ మీట నొక్కితే వెలగలేదు! పరువు పోతుందని మెకానిక్‌ని పిలిపించాం. కాయిల్ మా బీరువాలోనే ఉంది. పావుగంటలో బిగించేశాడు. ఇక అది శాశ్వతంగా మా హాల్లోనే ఉంటుంది.

గర్వంతో, బాబాయ్

తా.క. వేడికి ఒక బొమ్మ బుగ్గ కరిగింది. వెంటనే కొత్తది తెప్పించాం.

*

బాబాయ్,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. మా రెండో వార్మర్ కూడా పొద్దున ఆగిపోయింది. మిగిలిన పిల్లాణ్ణి వాళ్ళ నాన్న ఇంటికి తీసుకుపోయాడు, ఏ ఆశతోనో అడగలేకపోయాను. చిన్నదాన్ని గుండెకు కట్టుకుని కుట్టుపనామె, పక్కన నేను, మీ హాలు గుమ్మంలో ఉన్నాం. "చూసి వెళ్ళడానికేనమ్మా, పడుకోబెట్టడానికి కాదు" అంటున్నాడు కాపలా మనిషి. బతిమాలి అతని చేతికే ఈ కాగితం ఇస్తున్నాను. ఒక్క బొమ్మని పక్కకు తియ్యండి.

మీ అమ్మాయి

తా.క. ఇంకా ఊపిరి ఆడుతోంది. పరుగెత్తి రండి.