రెండు డ్రాయింగ్ పీరియడ్లు

జూన్ 9, సోమవారం

ఈ ఏడాది టైంటేబుల్ నేనే వేయాలట. దాంతోపాటు హెడ్‌మిస్ట్రెస్ కొత్త రూల్ కూడా చెప్పారు. వారానికి ఇరవై నాలుగు పీరియడ్లుంటేనే ఫుల్‌టైం. ఒక్కటి తగ్గినా పార్ట్‌టైం, సగం జీతం. తొమ్మిదో తరగతిలో నా ఇంగ్లీషు పీరియడ్లు రెండు తీసి కంప్యూటర్‌కి ఇచ్చారు. నాకు మిగిలినవి ఇరవై రెండు.

మా వారి కంపెనీ మూతపడి ఎనిమిది నెలలు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

జూన్ 10

ఎనిమిదో తరగతిలో రెండు డ్రాయింగ్ పీరియడ్లు రబ్బరుతో తుడిచేశాను. వాటిలో స్పోకెన్ ఇంగ్లీష్ అని రాసి నా పేరు వేసుకున్నాను. నాకు ఇరవై నాలుగయ్యాయి. ఇరవై రెండు ఇప్పుడు డ్రాయింగ్ మాస్టారివి. హెడ్‌మిస్ట్రెస్ చూసి, పేరెంట్స్ సంతోషిస్తారని మెచ్చుకున్నారు.

జూన్ 11

అన్నం సయించలేదు.

జూలై 1, మధ్యాహ్నం

మాస్టారు పే స్లిప్ రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. పార్ట్‌టైం అన్న మాటే గానీ మొదటి బెల్లుకే రావాలి, ఆఖరి బస్సు కదిలేదాకా గేటు దగ్గర నిలబడాలి. జీతమే సగం. రోజు మాత్రం మొత్తం.

తర్వాత నా టేబుల్ దగ్గరికి వచ్చారు. నేను అడ్డుపడబట్టే తనను పూర్తిగా తీసేయలేదని హెడ్‌మిస్ట్రెస్ చెప్పారట. నీ మేలు మరచిపోనమ్మాయ్ అన్నారు. నేను ఎక్కడా అడ్డుపడింది లేదు.

జూలై 11, సాయంత్రం

స్కూలు బట్టల్లోనే నిచ్చెనెక్కి ఒక షాపుకి బోర్డు రాస్తున్నారు మాస్టారు. ఒక ఇంగ్లీషు మాటలో స్పెల్లింగ్ తప్పు దొర్లింది. ఇంగ్లీషు టీచర్ని కదా, ఇట్టే కనిపెట్టాను. పిలిచి చెబితే, ఈ వయసులో నిచ్చెనెందుకు ఎక్కారో మాట్లాడాల్సి వస్తుంది. పక్క సందులోంచి ఇంటికొచ్చేశాను.

జూలై 14

ఆ తప్పు వల్ల షాపతను పైసా ఇవ్వలేదట. స్టాఫ్‌రూంలో మాస్టారే నవ్వుతూ చెప్పారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 15

చెప్పేశాను. రబ్బరు సంగతి, బోర్డు సంగతి, అన్నీ. మాస్టారు కుళాయి దగ్గర బ్రష్షులు కడుగుతున్నారు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉన్నారు. మా వారి ఉద్యోగం గురించి మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపారు.

"నాకూ ఇల్లుందమ్మాయ్. కోపం సంగతి తర్వాత చూసుకుందాం. ముందు నా పీరియడ్లు నాకిచ్చెయ్."

అటునుంచి అటే హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లాను. అప్పుడు మీకు ఇరవై రెండే ఉంటాయి కదా అన్నారావిడ, నాకు లెక్క రాదేమో అన్నట్టు. తెలుసన్నాను. పార్ట్‌టైంకి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

జూలై 18, శుక్రవారం

ఆరో పీరియడ్ ఖాళీ. గోడ అవతల ఎనిమిదో తరగతి డ్రాయింగ్ క్లాసులో ఒకటే గోల. మాస్టారు నాతో ఇంకా మాట్లాడటం లేదు.

ఈమధ్య నీ మొహం తేటపడిందని రాత్రి మా వారన్నారు. ఆయనకింకా చెప్పలేదు.