టేకు బట్, నల్ల బట్, భానుశ్రీ చెయ్యి

మైలవరం దగ్గర మామిడి రైతును, కీర్తిశేషులు సాంబమూర్తి గారి కుమారుణ్ణి, వీరమాచనేని రామకోటేశ్వరరావును, వయస్సు డెబ్బై తొమ్మిది. కళ్ళజోడు లేకుండా పేపరు చదవగలను. మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం వ్రాయించిన వీలునామా ఇది. ముందు వ్రాసినవి ఏవైనా ఉంటే చెల్లవు. గవర్నర్‌పేట వకీలు గోపీనాథ్ గారు దీనిని అమలు జరపవలెను.

1. ఇల్లు, అందులోని సమస్తమూ నా భార్య బుల్లెమ్మకు, ఆమె తదనంతరం పిల్లలిద్దరికీ సమానంగా. వసారాలోని నా పడకకుర్చీ కూడా ఆమెదే. నలభై ఏళ్ళుగా అందులో కూర్చోవాలని ఆమెకు ఉంది, నేను ఎప్పుడూ లేవలేదు.

2. మామిడి తోట, మొక్కజొన్న చేను కుమార్తె భానుశ్రీకి. ఆటోనగర్ షెడ్డు కుమారుడు జయంత్‌కు.

3. నా తండ్రిగారు వేటకు వాడిన రైఫిల్. వేట పోయినా, పంట కాపలాకు లైసెన్సు నిలబెట్టుకున్నాను. ఈ చుట్టుపక్కల అలాంటి రైఫిల్ ఇంకొకటి లేదు. తుపాకీ పొలంలా చేతులు మారదు కనుక, నా మరణానంతరం పోలీసు స్టేషన్‌లో అప్పగించి, భానుశ్రీ తన పేరున లైసెన్సు పొందిన మీదట ఆమెకే చెందవలెను.

4. దాని పాత బట్, అనగా గొట్టం కూర్చునే, భుజానికి ఆనే చెక్క, 2018లో ట్రాక్టరు కింద పడి చీలింది. జయంత్ నల్లటి ఫైబర్ బట్ తెచ్చాడు. వానకు ఉబ్బదు, ఎండకు వంగదు అన్నాడు. బొమ్మ తుపాకీలా ఉందని అటక మీద పారేశాను. వడ్రంగి వెంకటప్పయ్య చేత టేకుతో చేయించాను. గొట్టం కూర్చునే గాడికి వార్నిష్ పట్టించాలి, వారం ఆగమన్నాడు. దసరా పూజకు కావాలని ఆగకుండా తెచ్చుకున్నాను. అంత అందమైన బట్ నేను మళ్ళీ చూడలేదు.

5. 2022లో అటవీ శాఖ అనుమతితో అడవిపంది మీద భానుశ్రీ ఈ రైఫిల్‌తో కాల్చింది. తప్పింది. ఊళ్ళోవాళ్ళ ముందు, ఆడపిల్ల చెయ్యి, వణికిందన్నాను. ఆమె ఒక్కటే మాట అంది: “నా చెయ్యి వణకలేదు నాన్నా. బట్ ఊడదీసి చూడండి.”

నేను చూడలేదు. వారం తరువాత షూటింగ్ రేంజిలో అదే రైఫిల్‌తో గురికాగితం మీద ఐదు గుళ్ళు కాల్చి, ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఐదూ మధ్య నుంచి జానెడు కుడికి పోయాయి. కానీ ఐదింటినీ ఒక్క బొట్టుబిళ్ళతో కప్పవచ్చు. వణికే చేతికి అలా పడవు. ఆ రోజు ఎవరూ లేనప్పుడు మరలు విప్పాను. గాడి నిండా పసుపు మరక. ఏటా ఆయుధపూజకు పసుపు నీళ్ళతో కడిగి, కుంకుమ పెట్టింది నేనే. వార్నిష్ లేని చెక్క ఆ నీరు తాగి ఒకపక్క ఉబ్బి, గొట్టాన్ని కుడికి నెట్టింది.

మరలు బిగించేసి ఊరుకున్నాను. నా కూతురు మూడేళ్ళుగా రైఫిల్ ముట్టలేదు. నేను బతికుండి ఈ మాట చెప్పలేకపోవడం నా పొగరు. తప్పు చెక్కది కాదు, వెంకటప్పయ్యది కాదు, భానుశ్రీది అసలే కాదు.

6. మిగిలిన టేకు దిమ్మ వెంకటప్పయ్యకు. టేకు బట్ గాడి మళ్ళీ చెక్కి, వార్నిష్ పట్టించి, ఈసారి వారం కాదు, నెల రోజులు ఆరనివ్వవలెను.

7. రెండు బట్‌లూ భానుశ్రీవే. అందానికి ఇప్పటికీ టేకే అంటాను. అయినా ఏది బిగించాలో ఆమె భుజం చెప్పాలి. నల్లది బిగిస్తే బిందెడు పసుపు నీళ్ళు పోసినా నాకు అభ్యంతరం లేదు. జయంత్, నువ్వు చెప్పింది నిజమే. ఒక్కసారే ఒప్పుకుంటున్నాను.

8. నా బీరువా అడుగున, పేపరు కింద ఆ ఐదు గుళ్ళ కాగితం ఉంది. అద్దం కట్టించి నా ఫోటో పక్కన పెట్టవలెను. నా పెద్దకర్మ నాడు, భోజనాలకు ముందు, ఊరందరికీ వినబడేటట్లు గోపీనాథ్ గారు ఐదవ క్లాజు చదవవలెను. ఆ చేతిని కన్నవాణ్ణని అందరికీ తెలియాలి.

తేదీ: 14 నవంబరు 2025, విజయవాడ.

సాక్షులు: మాణిక్యం, లాజరు.

(సంతకం) వీరమాచనేని రామకోటేశ్వరరావు

సంతకం వంకరపోయినందుకు కలాన్ని ఎవరూ అనవద్దు. వణికింది నా చెయ్యే.